బుజ్జమ్మకి, కొరియన్ డ్రామాల టైమింగుల గురించి

బుజ్జమ్మా,

డాలస్ వెళ్ళాక ఎపిసోడ్ ఎప్పుడు పడుతుందో అర్థం కావట్లేదు పిన్నీ, నేను చూసేలోపే ఫ్రెండ్స్ కథంతా చెప్పేస్తున్నారు అన్నావు కదా, తీరిగ్గా రాస్తున్నా. ముందు అది ఏ ఛానల్ డ్రామానో చూడు. కొరియాలో మామూలుగా వారానికి రెండు ఎపిసోడ్లు, అవీ జంట రోజుల్లో, సోమ-మంగళ, బుధ-గురు, శుక్ర-శని, శని-ఆది అలా. టీవీఎన్, జేటీబీసీ పెద్ద డ్రామాలు ఎక్కువగా శని-ఆదివారాలు, ఎస్‌బీఎస్, ఎంబీసీ వాళ్ళవి శుక్ర-శని.

ఇంక టైము. అక్కడ రాత్రి 10 అంటే మనకి సాయంత్రం 6:30, నీకు అదే రోజు పొద్దున 8. నవంబర్‌లో మీ దగ్గర గడియారం వెనక్కి తిప్పుతారు, కొరియా వాళ్ళు తిప్పరు, కాబట్టి అప్పట్నుంచి మార్చి దాకా 7 అని గుర్తుపెట్టుకో. అది టీవీలో మొదలయ్యే టైము మాత్రమే తల్లీ, యాప్‌లోకి సబ్‌టైటిల్స్‌తో వచ్చేది తర్వాతే. వికీ (Viki) అనే డ్రామాల యాప్‌లో అయితే సబ్‌టైటిల్స్ చాలావరకు వాలంటీర్లే రాస్తారు, డబ్బులు తీసుకోకుండా కూర్చుని రాసేవాళ్ళని ఇంకా రాలేదేంటని కామెంట్లలో తొందరపెట్టకు, నాకు బాధేస్తుంది.

నెట్‌ఫ్లిక్స్ సొంత సిరీస్‌లు వేరు, అవి మామూలుగా కాలిఫోర్నియా అర్ధరాత్రికి పడతాయి, నీకు తెల్లవారుజామున 2. స్క్విడ్ గేమ్ సీజన్ మొత్తం ఒకేసారి ఇచ్చారు, వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్ మాత్రం 2025 మార్చి 7 నుంచి వారానికి నాలుగేసి ఎపిసోడ్లు ఇచ్చారు, అందుకని ముందే చూసుకో. యాప్‌కి డబ్బు కట్టేముందు ఆ డ్రామా అమెరికాలో అందులోనే ఉందా అనేది కూడా చూడు, ఇక్కడ ఒకదాంట్లో ఉంటే అక్కడ ఇంకోదాంట్లో ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం వాళ్ళ పండగలు. సొల్లాల్ అంటే చాంద్రమాన కొత్త సంవత్సరం, చూసొక్ అంటే పంట పండగ, ఆ వారాల్లో ఎపిసోడ్ ఆగొచ్చు, ఒలింపిక్స్‌కీ ఎలక్షన్ కౌంటింగ్‌కీ అంతే. క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ 16 ఎపిసోడ్లు, 2019 డిసెంబర్ 14న మొదలైంది, ఎనిమిది వారాల్లో అయిపోవాలి కదా, సొల్లాల్‌తో కలిపి రెండు వారాంతాలు ఆగి 2020 ఫిబ్రవరి 16కి గానీ అవ్వలేదు. డిసెంబర్ చివర్లో ఛానళ్ళ అవార్డు ఫంక్షన్లు ఉంటాయి, అప్పుడూ ఆగొచ్చు. అందుకే కొత్త డ్రామా మొదలవగానే ఎన్ని ఎపిసోడ్లో చూసి ఆఖరి తేదీ లెక్కేసి, మధ్యలో పండగొస్తే ఇంకో వారం కలుపుకో, నీ ఎగ్జామ్స్ అప్పుడు ఫైనల్ ఎపిసోడ్ పడుతుందేమో ముందే తెలుస్తుంది.

పిన్ని