క్రిస్మస్ పనులు: పాకం దగ్గర ఎవరు, పెనం దగ్గర ఎవరు?

*మా ఇంట్లో పన్నెండు మందిమి. డిసెంబరు వచ్చిందంటే అత్తయ్యగారూ తోడికోడలూ నేనూ పొయ్యి దగ్గరే ఉంటాం. మగవాళ్లు స్టార్ కట్టేసి చేతులు దులుపుకుంటారు. పని పంచుకోవడం ఎలా?*
– తెనాలి పాఠకురాలు

స్టార్ కట్టడం అరగంట పని. దాన్ని ఒక వంతు కింద లెక్కేయకండి. "అందరూ తలా ఓ చెయ్యి వేయండి" అంటే ఎవరూ వేయరు కాబట్టి, ఎవరు ఏం చేయాలో పేరు పెట్టి చెప్పాలి. దానికి అరిసెల రోజుకు మించింది లేదు. అది ఒక్కరి వల్ల అయ్యే వంట కాదు, కనీసం అయిదుగురు కావాలి.

కిలో లావు బియ్యాన్ని ఒక పగలూ రాత్రీ నానబెట్టండి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి. వడకట్టి, తడి ఆరకముందే మర పట్టించి తెచ్చే పని బండి ఉన్నవాళ్లది. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి, తడిబట్ట కప్పి ఉంచాలి. బెల్లం ఏడు వందల గ్రాములు చాలు. బాగా తీపి కావాలంటే ఇంకో యాభై గ్రాములు వేసుకోవచ్చు. గ్లాసు నీళ్లలో కరిగించి, వడకట్టి, పాకం పట్టండి. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే చేతికి మెత్తటి ఉండ రావాలి. అది చూసి దించమనేది ఒక్కరే అయి ఉండాలి, అది అత్తయ్యగారికే వదిలేయండి. పాకం దగ్గర ఇద్దరు పెద్దలుంటే "ఇంకాస్త" అనేలోపు ముదిరిపోతుంది.

దించాక రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి వేయండి. ఇక్కడ మగవాళ్ల అవసరం పడుతుంది. ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో ఆపకుండా కలపాలి. చలిమిడి బిగిసేకొద్దీ కలిపేవాళ్ల రెక్కలు పడిపోతాయి, అందుకే మీ ఆయనకూ మరిదికీ వంతులు వేయండి. తర్వాత ఒకరు నువ్వులద్ది అరిటాకు మీద తట్టాలి, ఒకరు మధ్యస్థం మంట మీద కాల్చాలి, ఒకరు చెక్కల మధ్య నూనె వత్తాలి. వత్తే పని వేడి తగ్గేలోపే జరగాలి. ఆలస్యమైతే నూనె లోపలే ఉండిపోతుంది. పిల్లలు ఆరిన అరిసెలు కాగితం మీద పరచి డబ్బాల్లో సర్దితే చాలు, బాణలి దగ్గరికి మాత్రం రానివ్వకండి.

అరిసె నూనెలో విచ్చిపోయిందంటే పాకం లేతదన్నమాట. గుప్పెడు తడిపిండి పక్కన ఉంచుకుని ఉంటే కలిపి సరిచేసుకోవచ్చు. రాయిలా వచ్చిందంటే పాకం ముదిరింది. మిగిలిన చలిమిడి మీద గోరువెచ్చని పాలు చిలకరించి మర్దించండి, కొంత దారికొస్తుంది.

*గులాబీ పువ్వులు అచ్చుకే అంటుకుపోతున్నాయి. కొన్నయితే మెత్తబడుతున్నాయి.*
– సికింద్రాబాద్

కొత్త అచ్చయితే ముందు రోజు రాత్రి బియ్యం కడిగిన నీళ్లలో నానబెట్టి, తుడిచి, కాగే నూనెలో పది నిమిషాలు ఉంచండి. రెండు కప్పుల బియ్యప్పిండికి కప్పు మైదా, ముప్పావు కప్పు చక్కెర పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు తీసుకుని, పాలు పోస్తూ దోసెల పిండి జారుగా కలపాలి. అచ్చును ముప్పావు వంతే ముంచండి. పైదాకా మునిగితే పిండి అంచు మీదికెక్కి పట్టేస్తుంది, ఎంత విదిలించినా ఊడదు. అచ్చు వేడి చాలకపోతే పిండి దానికి పట్టదు, మరీ కాగితే పిండిలోనే ఉడికి జారిపోతుంది. మెత్తబడటానికి కారణం ఎక్కువగా చక్కెరే. అది ఎక్కువైతే పువ్వు త్వరగా ఎర్రబడుతుంది, లోపల వేగక ముందే మీరు తీసేస్తారు.

*ఇరుగుపొరుగులో గుడ్డు ముట్టనివాళ్లున్నారు. వాళ్లకి ఏం పంచాలి?*
– గుంటూరు

కొత్త నూనెలో ముందుగా అరిసెలు, ఆ తర్వాత జంతికలు కాల్చండి. గులాబీ పువ్వులు అన్నిటికన్నా ఆఖరున. వాళ్ల వాటా గులాబీ పువ్వులు మొదలుపెట్టకముందే విడి డబ్బాలో తీసి పేరు రాసి పెట్టండి. కేకు ముక్కలు అదే పళ్లెంలో పెట్టి పంపితే ఈ జాగ్రత్తంతా వృథా.

*ఇరవై నాలుగు రాత్రి ఆరాధన, పొద్దున మళ్లీ ఆరాధన. మధ్యాహ్నం పాతికమందికి బిర్యానీ. గుడికి వెళ్లేదెవరు, వండేదెవరు?*
– ఏలూరు

సగంమంది రాత్రికి, సగంమంది పొద్దునకు వెళ్లండి. ఎవరు ఎప్పుడన్నది ఏటా మార్చుకోండి. ఏటా ఒకే కోడలు పొయ్యి దగ్గర మిగిలిపోవడం, ఆమె నోరు తెరిచి అడగకపోయినా, న్యాయం కాదు.

మూడు కిలోల బాస్మతి, నాలుగు కిలోల మటన్ సరిపోతాయి. దుకాణంలో ముందే చెప్పి పెట్టుకోండి, ఇరవై నాలుగు సాయంత్రం రద్దీ మామూలుగా ఉండదు. ఆ మధ్యాహ్నమే ఉల్లిపాయలు వేయించి పెట్టండి. రాత్రి వెళ్లనివాళ్లు మాంసానికి కిలో పెరుగు, పావుకిలో అల్లం వెల్లుల్లి ముద్ద, ఉప్పూ కారం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాలి. చలికాలమే కదా అని బయట వదిలేయొద్దు. పండగ రద్దీలో ఎలాంటి మాంసం దొరుకుతుందో చెప్పలేం, పచ్చి మాంసంతో దమ్‌కు పోకండి. ముందు ముప్పావు వంతు ఉడికించి, అన్నం కూడా అంతే ఉడికాక పొరలు వేసి, కింద పెనం పెట్టి పాతిక నిమిషాలు ఉంచండి. ఇంటి పొయ్యి మీద రెండు గిన్నెల్లో వండటమే మేలు. మూడు కిలోలూ ఒకే గిన్నెలో పోస్తే అడుగు మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది.

యూత్ క్యారల్స్‌తో ఏ అర్ధరాత్రికో వస్తారు. వాళ్లకు టీ పెట్టే పని కుర్రాళ్లకే అప్పగించండి.

*ఖర్చు ఎవరు పెట్టాలి?*
– ఖమ్మం

సరుకుల చీటీ అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారమే రాయండి. అది నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వస్తుంది, అంటే చేతిలో మూడు వారాలకు పైనే ఉంటాయి. సంపాదించే వాళ్లందరూ సమానంగా వేసుకోవడం కన్నా, ఒకరు మాంసం, ఒకరు పిండివంటల సరుకు, ఒకరు పిల్లల బట్టలు అని పద్దులవారీగా తీసుకుంటే గొడవలుండవు. జీతం తక్కువున్న వాళ్లకు చిన్న పద్దు ఇవ్వండి, అదీ నలుగురిలో చెప్పకుండా. పండక్కి వచ్చే ఆడపడుచు దగ్గర మాత్రం డబ్బు తీసుకోకండి.