నల్లజాతి వ్యాపారులకు తోడ్పడే స్వచ్ఛంద బృందంలో మనకు పనేమిటి?

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని డర్హంలో నల్లజాతి వ్యాపారులకు, యువతకు సాయపడే ఒక బృందంలో చేరమని సహోద్యోగి పిలిచారని రాశారు. డబ్బు ఇవ్వాలా, అక్కడ మనం చేసేదేముంటుంది, అసలు వాళ్ళకు విడిగా ఒక బృందం ఎందుకు అన్నవి మీ సందేహాలు. ఆ ఊళ్ళోనే అలాంటి ఒక బృందంలో కొన్నేళ్ళుగా లెక్కలు చూసే పని చేస్తున్నాను కాబట్టి తెలిసింది చెబుతాను.

డబ్బు ఎవరూ అడగరు. అడిగేది శనివారం ఒక పూట. వస్తానన్న రోజున వస్తే చాలు.

‘విడిగా ఎందుకు’ అన్నదానికే కాస్త వివరంగా చెప్పాలి. డర్హం దగ్గరి ఊళ్ళయిన కేరీలోనో మోరిస్‌విల్‌లోనో మన తెలుగువాళ్ళు హోటలు పెట్టాలనుకుంటే ముందు ఫోను తీస్తారు. ఏ లాయరు నమ్మకస్తుడు, బ్యాంకులో ఎవరిని కలవాలి, షాపు అద్దె ఎంతవరకు బేరమాడవచ్చు... కాలేజీ సీనియరో, బాబాయి వరసయ్యే పెద్దాయనో అన్నీ చెప్పేస్తారు. తీరా వ్యాపారం నిలబడ్డాక అదంతా మన తెలివితేటల ఖాతాలో రాసుకుంటాం.

డర్హం నల్లజాతివారికి ఇలాంటి పరిచయాల బలం మనం ఈ దేశంలో అడుగుపెట్టక చాలా ముందే ఉండేది. బానిసత్వంలో పుట్టి, క్షౌరశాలలు నడిపి పైకొచ్చిన జాన్ మెరిక్, డాక్టర్ ఆరన్ మూర్ మరికొందరితో కలిసి 1898లో నార్త్ కరోలినా మ్యూచువల్ అనే బీమా సంస్థ పెట్టారు. 1907లో మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ బ్యాంకు ఏర్పడింది. ఆ సంస్థలున్న పారిష్ వీధికి ‘బ్లాక్ వాల్ స్ట్రీట్’ అనే పేరు అందువల్లే వచ్చింది. పక్కనే హేటై అనే పేట: కిరాణా కొట్లు, సినిమా హాళ్ళు, దర్జీలు, హోటళ్ళు, అన్నీ వాళ్ళవే. 1958 తర్వాత పట్టణ పునరుద్ధరణ పేరుతో దాన్ని కూల్చుకుంటూ పోయి మధ్యలోంచి ఫ్రీవే వేశారు. 4,000కు పైగా కుటుంబాలు, సుమారు 500 వ్యాపారాలు చెదిరిపోయాయి. మనలో చాలామంది రోజూ ఆఫీసుకు వెళ్ళే 147 నంబరు రోడ్డు అదే. కూలిన కొట్టుకు ఎంతో కొంత పరిహారం వచ్చి ఉండవచ్చు. ‘ఆ బ్యాంకులో మా అన్నయ్య ఉన్నాడు, వెళ్ళి నా పేరు చెప్పు’ అనే మాటకు పరిహారం ఎవరిస్తారు? ఈ బృందం ఇప్పుడు చేస్తున్నది ఆ మాట చెప్పడమే.

ఇక పని ఎలా ఉంటుందంటే, ఒక కేటరింగ్ ఆవిడ సంగతి చెబుతాను. చర్చి విందులకు, పెళ్ళిళ్ళకు వండుతారు. కోడి వేపుడు, కొలార్డ్ ఆకుకూర, మాకరోనీ చీజ్ కలిపి ప్లేటు 12 డాలర్లు. ఎప్పుడూ ఆర్డర్లే, అయినా చేతిలో డబ్బు నిలవదు. బేరం తెలియని మనిషి కాదు. మాంసం ధర ఎక్కడ ఎంతో నోటి లెక్కే. ఇద్దరం కూర్చుని ఒక విందు ఖర్చు మొత్తం కాగితం మీద పెట్టాం. సరుకులు, అల్యూమినియం ట్రేలు, పెట్రోలు, అద్దె వంటశాలకు గంటల లెక్కన కట్టేది. ఆకుకూర కడిగి, ఈనెలు తీసి, తరిగే గంటలు మాత్రం ఎక్కడా లేవు. “అది నేనే చేసుకుంటాను కదా” అన్నారు. ఆ గంటలు కూడా రాశాక ప్లేటుకు రెండు డాలర్లు కూడా మిగలడం లేదని తేలింది. ఆవిడ చాలాసేపు కాగితం వైపే చూసి, “అయితే చర్చికి ఒక ధర, పెళ్ళికి ఒక ధర” అన్నారు. నా సలహా అవసరమే పడలేదు.

ఇంటి ఖర్చు, వ్యాపారం ఖర్చు ఒకే ఖాతాలోంచి పోవడం ఇంకో చిక్కు. 2020లో కరోనా సమయంలో చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చిన పీపీపీ రుణాలకు ఇది గట్టిగా అడ్డుపడింది. ఒంటరిగా వ్యాపారం చేసేవారికి మొదట్లో నికర లాభాన్ని బట్టి రుణం లెక్కగట్టారు, అంటే కాగితం మీద లాభం తక్కువ కనిపిస్తే రుణమూ తక్కువే. 2021లో ఖర్చులు తీయకముందు వచ్చిన మొత్తం ఆదాయాన్ని బట్టి ఇవ్వవచ్చన్నారు. నల్లజాతివారి వ్యాపారాల్లో నూటికి తొంభైకి పైగా జీతగాళ్ళు లేనివే కాబట్టి ఆ మొదటి నిబంధన ఎవరిని ఎక్కువగా దెబ్బతీసిందో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే మా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరి చేతా ముందు వేరే ఖాతా తెరిపిస్తాం. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని మించిన సాయం లేదంటాను.

పిల్లలతో పని సరదాగా ఉంటుంది. గడ్డి కోసి సంపాదించే ఒక పదహారేళ్ళ కుర్రాడు బిల్లు రాయడం నేర్చుకున్నాక వాళ్ళ అమ్మమ్మకు కూడా బిల్లు పంపాడు. ఆవిడ డబ్బు కట్టి, రసీదు ఇమ్మని పట్టుబట్టారట. పద్దెనిమిదేళ్ళలోపు వారికి ఉద్యోగం కావాలంటే ఈ రాష్ట్రంలో అనుమతి పత్రం తీసుకోవాలి. బ్యాంకు ఖాతాకు సాధారణంగా పెద్దవాళ్ళ సంతకం కావాలి. ఆ కాగితాల దగ్గర పక్కన ఒకరు కూర్చుంటే చాలు, సగం భయం పోతుంది.

మనం ఇవ్వడమే గానీ తెచ్చుకునేదేమీ ఉండదనుకోకండి. పశ్చిమాఫ్రికా, కరీబియన్ కుటుంబాల్లో సూసూ అని ఒకటుంది. నెలనెలా అందరూ వేసి, వంతులవారీగా ఒకరు తీసుకుంటారు. పాట లేని చీటీ అన్నమాట. దాని గురించి మాట్లాడుకున్న రోజున నాకు అక్కడ కొత్త పోయింది.

వెళ్తే ఒకటి మాత్రం చేయకండి. ‘మేమూ రెండు సూట్‌కేసులతోనే వచ్చాం, కష్టపడితే ఎవరైనా పైకొస్తారు’ అనే ఉపన్యాసం ఇంట్లోనే వదిలి వెళ్ళండి. మనకు తలుపు తెరిచిన 1965 వలస చట్టం వెనుక వాళ్ళ పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన ఊపు ఉంది. అది వాళ్ళకు తెలుసు, మనకే గుర్తుండదు.

చేరాలనుకుంటే, పిల్లలతో పనికి నేర చరిత్ర తనిఖీ ఉంటుంది, కొన్ని వారాలు పట్టవచ్చు. వీసా మీద ఉంటే, జీతం ఇచ్చి చేయించుకునే పని కాకుండా నిజమైన స్వచ్ఛంద సేవ మాత్రమే ఒప్పుకోండి. అనుమానముంటే మీ లాయరును అడగండి. లెక్కలు వచ్చినవారైతే తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా పన్ను కాగితాలు నింపిపెట్టే వీటా అనే కార్యక్రమానికి ఐఆర్‌ఎస్ (ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ) ఇచ్చే శిక్షణ ఉచితంగా పూర్తి చేయవచ్చు, పరీక్ష ఇంటి నుంచే రాయవచ్చు. జనవరి చివరి నుంచి ఏప్రిల్ 15 దాకా పన్నుల కాగితాల పనికి మనుషులు చాలరు. డిసెంబరులోపు పేరు ఇస్తే మంచిది.