మూడు గొంతుల్లో కింది గొంతు

పోయిన నెల ఈ పేజీలో అమెరికా బిగ్ బ్యాండ్ల కాలం సంగతి చెబుతూ, అప్పటి ముగ్గురు గాయనులు ఆండ్రూస్ సిస్టర్స్ పేరు ఒక్కసారి ఎత్తాను, అంతే. పాత అమెరికా పాటల మీద ఇన్ని ఉత్తరాలొస్తాయని నేననుకోలేదు. ఈసారి పేజీ అంతా వాళ్లకే.

ప్రశ్న: టీచర్ గారూ, ఫోన్‌లో ఒక నలుపు తెలుపు వీడియో చూశాను. మిలటరీ బట్టలు, టోపీలు వేసుకుని ముగ్గురమ్మాయిలు బ్యూగిల్ ఊదే కుర్రాడి గురించి హుషారుగా పాడుతున్నారు. మీరు చెప్పినవాళ్లు వీళ్లేనా? నిజంగా అక్కచెల్లెళ్లా, సైన్యంలో పనిచేశారా?
— పాఠకురాలు, తెనాలి

వీళ్లేనమ్మా. ఒక తల్లి పిల్లలే. పెద్దమ్మాయి లవర్న్ 1911లో, నడిపిది మాక్సీన్ 1916లో, చిన్నది ప్యాటీ 1918లో పుట్టారు. ఊరు అమెరికాలోని మినియాపొలిస్. తండ్రి గ్రీసు నుంచి వలస వచ్చినవాడు, తల్లి వాళ్లది నార్వే మూలం. సంగీతం ఇంటి ఆస్తిగా వచ్చిన కుటుంబమేమీ కాదు, హోటలు నడుపుకునేవాళ్లు. రేడియోలో బాస్వెల్ సిస్టర్స్ అని న్యూ ఆర్లియన్స్‌కి చెందిన ముగ్గురు అక్కచెల్లెళ్లు పాడుతుంటే విని, వాళ్ల యాసతో సహా కాపీ కొట్టి నేర్చుకున్నారు. ఆ మాట వీళ్లే దాచుకోకుండా చెప్పారు.

సైన్యంలో పనిచెయ్యలేదు. మీరు చూసిన ముక్క 1941 జనవరిలో వచ్చిన ‘బక్ ప్రైవేట్స్’ అనే కామెడీ సినిమాలోది. ఇక్కడ చాలామంది పొరబడతారు. అప్పటికి అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగలేదు. పెర్ల్ హార్బర్ మీద దాడి ఆ ఏడాది డిసెంబరులో జరిగింది. కానీ కుర్రాళ్లని సైన్యంలోకి తప్పనిసరిగా పిలిచే చట్టం 1940లోనే వచ్చింది, ఇంటింటా అదే టెన్షన్. పాటలో కుర్రాడి కథా అదే. షికాగోలో పేరున్న ట్రంపెట్ వాద్యగాడు, పిలుపొచ్చి పోతే అక్కడ పొద్దున్నే సైనికుల్ని లేపే బ్యూగిల్ చేతికిస్తారు. వెనక బ్యాండ్ లేనిదే అతనికి చెయ్యి ఆడదు. కెప్టెన్ మర్నాడే ఒక బ్యాండునీ సైన్యంలోకి లాక్కొస్తాడు. ఆ పాట ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

యుద్ధం వచ్చాక మాత్రం నిజంగానే శిబిరాలు తిరిగి పాడారు. 1945 ఆగస్టులో ఇటలీలోని నేపుల్స్‌లో వేల మంది సైనికుల ముందు కార్యక్రమం. మధ్యలో ప్యాటీ చేతికి ఒక కాగితం అందింది. జపాన్‌తో యుద్ధం అయిపోయిందని ఆవిడే చదివింది. ఇంకొన్ని రోజుల్లో పసిఫిక్‌కి ఓడెక్కాల్సిన కుర్రాళ్లు వాళ్లు. హాస్యమాడుతోందనుకుని కాసేపు ఎవ్వరూ నమ్మలేదట.

ప్రశ్న: మన హైదరాబాద్ బ్రదర్స్, మల్లాది సోదరులు కూడా కలిసే పాడతారు కదా. వాళ్లు పాడితే ఇద్దరని తెలుస్తుంది. ఈ ముగ్గురు పాడితే ఒకే మనిషి మూడు నోళ్లతో పాడినట్టుంది. రక్తసంబంధం వల్లేనా?
— పాఠకుడు, నిజామాబాద్

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను బాబూ.

మన కచేరీలో ఇద్దరు అన్నదమ్ములు పాడితే ఇద్దరూ ఒకే స్వరం మీద ఉంటారు. లేదా ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటారు. స్వరకల్పనలో వంతులు. గొంతుల తేడా దాచాలని ఎవరూ అనుకోరు, అది కూడా ఒక రుచే. ఆండ్రూస్ సిస్టర్స్ పద్ధతి పూర్తిగా వేరు. ఒకే మాటని, ఒకే క్షణంలో, మూడు వేర్వేరు స్వరాల మీద పలుకుతారు. మన లెక్కలో చెప్పాలంటే ప్యాటీ పంచమం మీద ఉంటే మాక్సీన్ పై షడ్జం పట్టుకుంటుంది, లవర్న్ కింద గాంధారంలో ఉంటుంది. మూడూ ఒక స్థాయి దూరం దాటకుండా, పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. ప్యాటీ ఎటు కదిలితే మిగతా ఇద్దరూ అదే అడుగు వెయ్యాలి. గమకం ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు వేస్తే కొంప కూలుతుంది.

ఒకే ఇంట్లో పెరిగినవాళ్లకి అచ్చులు ఒకేలా పలుకుతాయి, ఊపిరి ఒకేచోట తీసుకోవడం అలవాటవుతుంది. ఆ మేరకు మీ మాట నిజమే. కానీ అక్కచెల్లెళ్లందరూ ఇలా పాడలేరని నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఎందుకంటే మేమూ ముగ్గురమే. చిన్నప్పుడు భజనల్లో, పేరంటాల్లో పాడేవాళ్లం. పెద్దదాన్ని నేను. నాది బరువు గొంతు, ‘గాదెలోంచి మాట్లాడినట్టుంటుందే నీ గొంతు’ అనేది మా అమ్మ. చెల్లెళ్ల గొంతు పైకి లేస్తే నన్ను తాళం వెయ్యమనేవాళ్లు. ఒక పెళ్లిలో మా నడిపిది శ్రుతి ఎంత పైన ఎత్తుకుందంటే, చరణానికొచ్చేసరికి నేను పెదాలు మాత్రం కదిపాను. ఎవరూ కనిపెట్టలేదు. అదే నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి.

అందుకే నేను ఆండ్రూస్ పాట వింటే మొదట లవర్న్‌ని వెతుక్కుంటాను. ముగ్గురిలో నొటేషన్ చదవడం వచ్చిన మనిషి ఆవిడ ఒక్కతే. పియానో వాయించేది. చెల్లెళ్లిద్దరూ చెవితో విని పట్టుకున్నవాళ్లే. పేపర్లన్నీ ప్యాటీని మెచ్చుకున్నాయి. మెచ్చుకోవాల్సిన గొంతే, కాదనను. కానీ కింద ఆ బరువు గొంతు లేకుండా ఊహించుకోండి, మిగిలేది ఇద్దరు అమ్మాయిల చక్కటి పాట, అంతే.

ఇంకొక మనిషిని చెప్పకపోతే పాపం. విక్ షోన్. ట్రంపెట్ వాయించేవాడు, వీళ్ల పాటలకి అరేంజర్. మూడు గొంతుల్నీ మూడు ట్రంపెట్లుగా లెక్కవేసి వరసలు రాశాడు. ఎక్కడ ఠక్కున తెంచాలి, ఎక్కడ జార్చాలి అన్నదంతా ఇత్తడి వాద్యాల పద్ధతే. అప్పటిదాకా ఇలాంటి బృందాలు మైకు ముందు కదలకుండా పాడేవి. వీళ్లు డాన్స్ చేస్తూ పాడారు. ఊపిరి ఆడకుండా మూడు స్వరాలు కలిపి నిలబెట్టడం ఎంత కష్టమో మెట్లెక్కుతూ ‘వాతాపి’ పాడి చూడండి.

ప్రశ్న: బిగ్ బ్యాండ్ అంటున్నారు, మన పెళ్లి బ్యాండ్ మేళం లాంటిదా?
— పాఠకుడు, ఖమ్మం

నవ్వొచ్చింది కానీ మరీ దూరమేమీ కాదు. ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సఫోన్, క్లారినెట్ అక్కడా ఇక్కడా ఉన్నవే. వాళ్లది పన్నెండు నుంచి పదిహేడు మంది దాకా ఉన్న జట్టు, రాసిపెట్టిన నొటేషన్ చూసి వాయిస్తారు, డాన్స్ హాళ్లలో, రేడియోలో. సుమారు 1935 నుంచి పదేళ్లు వాళ్ల రాజ్యం. బోర్డు మీద పేరు బ్యాండ్ నాయకుడిది. పాడేవాళ్లు జీతగాళ్లు, వంతు వచ్చేదాకా పక్కన కుర్చీలో కూర్చోవాల్సిందే. ఆండ్రూస్ సిస్టర్స్ కూడా మొదట్లో లియోన్ బెలాస్కో బ్యాండుతో ఊళ్లు తిరిగినవాళ్లే.

తర్వాత తిరగబడింది. 1939 చివర్లో గ్లెన్ మిల్లర్ బ్యాండుకి చెస్టర్‌ఫీల్డ్ సిగరెట్ల వాళ్లు రేడియో కార్యక్రమం ఇస్తూ, ఇతనొక్కడి పేరు మీద జనం వింటారో వినరోనని అనుమానపడి, తోడుగా ఆండ్రూస్ సిస్టర్స్‌ని పెట్టారు. మూడు నెలల తర్వాత మిల్లర్ సొంతంగా నిలబడ్డాడనుకోండి. ఆపైన 1942 ఆగస్టు 1 నుంచి వాద్యకారుల సంఘం రికార్డింగులు మానేసింది. పాడేవాళ్లు ఆ సంఘంలో లేరు. బ్యాండు లేకుండా గొంతులతోనే రికార్డులు వచ్చాయి, జనం అలవాటుపడ్డారు. బ్యాండుల వెలుగు తగ్గడానికి అదొక కారణం.

ప్రశ్న: మొదటి హిట్‌తోనే కోటీశ్వరులైపోయారా?
— పాఠకుడు, ఒంగోలు

యాభై డాలర్లయ్యారు! 1937 నవంబరు 24న డెకా కంపెనీకి ‘బై మీర్ బిస్ట్ డు షేన్’ రికార్డు చేశారు. ముగ్గురికీ కలిపి 50 డాలర్లు, రాయల్టీ సున్నా. పైగా అది రికార్డుకి రెండో వైపు పాట. కంపెనీ నమ్ముకున్నది మొదటి వైపున్న పాటని, పేరున్న స్వరకర్త గెర్ష్విన్‌ది. జనం తిప్పి వేసుకున్నారు, పది లక్షలు దాటి అమ్ముడైంది.

దాని వెనక ఇంకా చేదు కథ ఉంది. అది అసలు యిడ్డిష్ పాట, తూర్పు యూరప్ యూదుల భాష. ‘నా కంటికి నువ్వు అందమే’ అని అర్థం. 1932లో న్యూయార్క్ యూదుల నాటకానికి షోలమ్ సెకుండా వరస కట్టాడు. తర్వాత హక్కులన్నీ 30 డాలర్లకి అమ్మేసి, పాట రాసినాయనతో పంచుకున్నాడు. హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో నల్లజాతి గాయకులు ఆ పాటని యిడ్డిష్‌లోనే పాడుతుంటే హాలు ఊగిపోవడం పాటల రచయిత శామీ కాన్ చూసి, శాల్ చాప్లిన్‌తో కలిసి ఇంగ్లీషు మాటలు రాశాడు. సెకుండాకి ఆ హక్కులు 1961లో గానీ తిరిగి రాలేదు. ఆ మధ్య రేడియోలో ఎన్నిసార్లు విని ఉంటాడో!

‘రమ్ అండ్ కోకా-కోలా’దీ అలాంటి తగువే. 1945లో పది వారాలు నంబర్ వన్‌లో ఉన్న పాట. మాటలు వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ గాయకుడు, అక్కడి కలిప్సో బాణీలో పాడే లార్డ్ ఇన్వేడర్‌వి, వరస లయొనెల్ బెలాస్కోది. రికార్డు మీద పేర్లు మాత్రం వేరేవాళ్లవి. కోర్టుకెళ్లారు, గెలిచారు. అమెరికా సైనికుల చుట్టూ తిరిగే ట్రినిడాడ్ ఆడవాళ్ల మీద ఎత్తిపొడుపు పాట అది. వీళ్లు పండగ పాటలా పాడేశారు. అర్థం ఆలోచించలేదని తర్వాత వాళ్లే అన్నారు. నాకు ఆ రికార్డు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

ప్రశ్న: మనకి వీళ్లతో ఏమైనా సంబంధం ఉందా అండీ?
— పాఠకురాలు, అనకాపల్లి

మనుషులతో లేదు, ప్లేటుతో ఉంది. ఆ కాలం గ్రామఫోన్ ప్లేట్లు షెల్లాక్‌తో చేసేవాళ్లు. షెల్లాక్ అంటే శుద్ధి చేసిన లక్క. మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగు కట్టే పూత. ప్రపంచానికి లక్క పంపింది ఎక్కువగా మన దేశమే, అందులోనూ ఇప్పటి జార్ఖండ్ అడవుల వైపు. యుద్ధంలో ఓడలకి దారి కష్టమైంది, ఉన్న లక్క సైన్యం అవసరాలకి కావలసొచ్చింది. 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకి వాడే షెల్లాక్‌లో 70 శాతం కోత పెట్టింది. కొత్త ప్లేటు చెయ్యడానికి జనం దగ్గర పాత ప్లేట్లు పోగుచేశారు. మీ పక్కనున్న ఏటికొప్పాక బొమ్మకి మెరుపు తెచ్చే సరుకూ ప్యాటీ గొంతుని మోసిన సరుకూ ఒకటేనమ్మా.

ప్రశ్న: కొట్టుకున్నారట కదా?
— పేరు వద్దన్నారు

కొట్టుకోలేదు, మాట్లాడుకోవడం మానేశారు. 1948లో తల్లి, మరుసటి ఏడు తండ్రి పోయారు. అదే 1949లో పెద్ద హిట్టయిన ‘ఐ కెన్ డ్రీమ్, కాంట్ ఐ’ వినండి, ప్యాటీ ఒక్కతే పాడుతుంటుంది, అక్కలిద్దరూ వెనక వంత. విడిపోవడం నాకక్కడే వినిపిస్తుంది. 1951లో ప్యాటీ వాళ్ల పియానో వాద్యగాడినే పెళ్లి చేసుకుంది. కొన్నాళ్లకి విడిగా పాడుకుంటానంది. ఆ సంగతి అక్కలకి పేపర్లో చూశాక తెలిసిందట. 1956లో మళ్లీ కలిశారు. లవర్న్ 1967లో క్యాన్సర్‌తో పోయింది. ఆవిడ జాగాలో వేరే అమ్మాయిని పెట్టి చూశారు, ఎన్నాళ్లో సాగలేదు. 1974లో మిగిలిన ఇద్దరూ బ్రాడ్‌వే నాటకంలో కలిసి కనిపించారు, అది ఆగిపోయాక మళ్లీ దూరం. మాక్సీన్ 1995లో పోయింది, ప్యాటీ 2013లో, తొంభై నాలుగేళ్లకి.

ప్రశ్న: మా ఇద్దరు అమ్మాయిలు, మా ఆడపడుచు కూతురు కలిసి స్కూల్ యానివర్సరీలో ఇలా మూడు గొంతులతో పాడతామంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి?
— ఒక తల్లి, కాకినాడ

ముందు పాట వద్దమ్మా. ఫోన్‌లో తంబూరా పెట్టండి. ఒకరు షడ్జం, ఒకరు గాంధారం, ఒకరు పంచమం. ‘ఆ’ అని పది లెక్కపెట్టేదాకా నిలపమనండి. ఎవరు పక్కవాళ్ల స్వరంలోకి జారిపోతున్నారో వాళ్లకే తెలుస్తుంది, తిట్టొద్దు. భుజాలు తగిలేలా నిలబెట్టండి. ఆండ్రూస్ వాళ్లకీ ముగ్గురికీ ఒకే మైకు. పాట రెండు నిమిషాలు మించనివ్వకండి, గమకాలు తక్కువున్నదైతే మంచిది. ముగ్గురిలో బరువు గొంతు ఎవరిదో చూసి, ఆ పిల్లకి ముందు నేర్పండి. తన వరస తను ఒంటరిగా, తప్పు లేకుండా పాడగలిగాకే మిగతా ఇద్దర్నీ కలపండి. రికార్డు చేసేటప్పుడు ఫోను ఆ పిల్లకి దగ్గరగా పెట్టండి. నాకూ ఒకటి పంపండి.