వర్గ ప్రమేయానికి స్పర్శరేఖ ఎలా రాయాలి?

అవకలజంలో (ఎక్స్ మారుతుంటే వై ఎంత వేగంగా మారుతుందో చెప్పే సూత్రం) గీత తాకాల్సిన బిందువు దగ్గరి ఎక్స్ విలువ వేస్తే వాలు వస్తుంది. ఆ వాలుతో బిందువు గుండా గీసిన గీతే స్పర్శరేఖ.

వర్గ ప్రమేయం వై = ఏఎక్స్² + బీఎక్స్ + సీ అవకలజం 2ఏఎక్స్ + బీ. ఎక్స్‌ని హెచ్ మేర జరిపి, వై మార్పును హెచ్‌తో భాగిస్తే 2ఏఎక్స్ + బీ + ఏహెచ్ మిగులుతుంది. సీ ముందే కొట్టుకుపోతుంది. హెచ్ సున్నాకి దగ్గరయ్యేకొద్దీ ఏహెచ్ కూడా మాయం.

విజయనగరం విజ్జీ స్టేడియంలో కొట్టిన బంతి ఎత్తు, మీటర్లలో, వై = ఎక్స్ − ఎక్స్²/40 అనుకోండి. అవకలజం 1 − ఎక్స్/20. బ్యాట్ నుంచి 10 మీటర్ల దగ్గర ఎత్తు 7.5, వాలు 0.5. వై − 7.5 = 0.5(ఎక్స్ − 10), అంటే వై = 0.5ఎక్స్ + 2.5.

చాలామంది 10 వెయ్యకుండా 1 − ఎక్స్/20నే వాలుగా పెట్టేస్తారు. అప్పుడొచ్చేది గీత కాదు, ఇంకో పరావలయం (వర్గ ప్రమేయం గీసే వంపు). ఒక్కచోటే తాకిందల్లా స్పర్శరేఖ అనుకోవడమూ పొరపాటే: నిలువు గీత కూడా ఈ పరావలయాన్ని ఒక్కచోటే కలుస్తుంది, కానీ కోసుకుంటూ పోతుంది.