వెయ్యి పౌండ్లు పంపినా ఆ నెల వడ్డీ ఎందుకు పడలేదు?

ప్రశ్న: ఏడేళ్లుగా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. నెలకు 2,650 పౌండ్లు చేతికొస్తాయి. జీతం నెల చివరి పనిదినాన వేరే బ్యాంకులో పడుతుంది. నేషన్‌వైడ్ అనే సంస్థలో ఫ్లెక్స్‌డైరెక్ట్ అనే వడ్డీ ఇచ్చే కరెంట్ అకౌంట్ తెరిచి 1,500 పౌండ్లు ఉంచాను. వడ్డీ రావాలంటే నెలనెలా వెయ్యి జమ కావాలన్నారు. అందుకే జీతం ఖాతా నుంచి 31వ తేదీకి స్టాండింగ్ ఆర్డర్ (చెప్పిన తేదీన బ్యాంకే తనంతట డబ్బు పంపే ఏర్పాటు) పెట్టాను. 2025 మే నెల వడ్డీ రాలేదు. మా ఆవిడ కూడా ఈ ఖాతా తెరుస్తానంటోంది. అప్పుడు నెలకు 2,000 పక్కన పెట్టాలా? డబ్బు ఇలా తిప్పితే తప్పా?

జవాబు: 2025 మే 31 శనివారం. సెలవు రోజున పడిన స్టాండింగ్ ఆర్డర్‌ను చాలా బ్యాంకులు తర్వాతి పనిదినానే పంపుతాయి. అంటే మీ వెయ్యి జూన్ 2, సోమవారం వెళ్లింది. మే నెల లెక్కలో జమ సున్నా. జూన్‌లో రెండుసార్లు పడినా మే లోటు దానితో పూడదు. 2025 ఆగస్టు 31 ఆదివారం, తేదీ మార్చకపోతే అప్పుడూ ఇదే జరిగేది. అందుకే నెలాఖరు తేదీ ఎప్పుడూ పెట్టుకోవద్దు.

మన దేశంలో కరెంట్ అకౌంట్ అంటే వ్యాపారులది, వడ్డీ ఉండదు. బ్రిటన్‌లో అది అందరి రోజువారీ ఖాతా. వడ్డీ ఆశ చూపి బ్యాంకు కోరేది మీ డబ్బు రాకపోకలు తన దగ్గర సాగాలని. కాబట్టి షరతు ‘జమ’ మీదే, ‘నిల్వ’ మీద కాదు. వచ్చిన వెయ్యి అక్కడే ఉండాల్సిన పని లేదు. అది జీతమే కానక్కర్లేదు, ఒకేసారి రానక్కర్లేదు. 250 చొప్పున నాలుగుసార్లు పడినా సరిపోతుంది. మీ సొంత డబ్బును మీ ఖాతాల మధ్య తిప్పుకోవడం తప్పు కాదు, నిశ్చింతగా ఉండండి.

లెక్కలోకి రానివి మాత్రం గుర్తుంచుకోండి. ఏ నేషన్‌వైడ్ ఖాతా నుంచి వచ్చినా, అది మీదైనా ఇంకొకరిదైనా, ఆ జమ చెల్లదు. కార్డు మీద వచ్చే వీసా రీఫండ్లూ అంతే. మీ ఫ్లెక్స్‌డైరెక్ట్ నుంచి నేరుగా మీ ఆవిడ ఫ్లెక్స్‌డైరెక్ట్‌కు వెయ్యి పంపి ‘అయిపోయింది’ అనుకుంటే ఆమె వడ్డీ పోతుంది. మధ్యలో మీ జీతం బ్యాంకు ఉండాలి.

అలా చేస్తే రెండు ఖాతాలకూ ఒకే వెయ్యి చాలు. జీతం ఖాతా నుంచి 3న మీ ఫ్లెక్స్‌డైరెక్ట్‌కు, 9న వెనక్కి. 13న ఆమె ఖాతాకు, 19న వెనక్కి. మొత్తం నాలుగు స్టాండింగ్ ఆర్డర్లు. ఆరు రోజుల ఎడం ఎందుకంటే, 2026లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3న, ఈస్టర్ సోమవారం 6న. 3వ తేదీ ఆర్డర్ 7న గానీ కదలదు. వెనక్కి వచ్చే తేదీ 5 అని పెట్టి ఉంటే రెండూ ఒకే రోజు మీద పడేవి. అప్పుడు రావాల్సింది రాకముందే పోవాల్సింది పోయి, 1,500 లోంచి కోత పడుతుంది.

అంతకన్నా ముఖ్యం, అద్దె, కౌన్సిల్ టాక్స్ (ఇక్కడి ఇంటిపన్ను), కరెంటు బిల్లు డైరెక్ట్ డెబిట్లు, అంటే అవతలి వాళ్లే మీ ఖాతాలోంచి తీసుకునేవి. ఆ వెయ్యి బయట ఉన్న రోజుల్లో జీతం ఖాతాలో మిగిలింది వాటికి సరిపోవాలి. ఒక్కసారి ఓవర్‌డ్రాఫ్ట్‌లోకి, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి తీసి అప్పులోకి జారితే చాలా బ్యాంకుల్లో ఏటా 39.9 శాతం వడ్డీ. ఒక్క డైరెక్ట్ డెబిట్ వెనక్కి తిరిగినా తలనొప్పే.

ఇంతా చేస్తే ఎంత? ఈ ఖాతా ఇచ్చేది 5 శాతం ఏఈఆర్ (వడ్డీ మీద వడ్డీ కూడా కలిపిన ఏడాది రేటు). నెలనెలా వడ్డీ పడే లెక్కలో అది ఏడాదికి 4.89 శాతం. 1,500 మీద నెలకు సుమారు 6.11 పౌండ్లు, ఏడాదికి 73 పైచిలుకు. 1,500 దాటిన మొత్తానికి వడ్డీ లేదు కాబట్టి 9వ తేదీ ఆర్డర్‌ను 1,006 చేయండి, వడ్డీ కూడా బయటికొచ్చేస్తుంది. ఇదే 1,500 నాలుగు శాతం ఇచ్చే ఈజీ యాక్సెస్ సేవింగ్స్‌లో (ఎప్పుడైనా తీసుకోగల పొదుపు ఖాతా) ఉంటే ఏడాదికి 60 వస్తుంది. అంటే మీ అసలు లాభం మనిషికి 13 పౌండ్ల చిల్లరే. ఒకసారి ఆర్డర్లు పెట్టి వదిలేయగలిగితేనే ఇది చేయండి. నెలనెలా చేత్తో పంపేటట్టయితే నేను వద్దనే అంటాను. తిప్పే వెయ్యిని సేవింగ్స్ నుంచి తీయకండి, జీతం ఖాతాలో వడ్డీ లేకుండా పడి ఉన్న డబ్బునే వాడండి. నాలుగు శాతం సేవింగ్స్‌లోంచి తీస్తే ఆరు రోజులకు 66 పెన్నీలు పోతాయి, రెండు విడతలకు 1.30 పౌండ్లు దాటుతుంది.

ఈ రేటు 12 నెలలే, తర్వాత 1 శాతానికి పడిపోతుంది. ఇద్దరికీ గడువు తేదీలు వేరు, రెండూ క్యాలెండర్‌లో రాసుకోండి. మానేసేటప్పుడు ముందు వెనక్కి వచ్చే ఆర్డర్ రద్దు చేసి, తర్వాతే పంపే ఆర్డర్ రద్దు చేయండి. తలకిందులుగా చేసినా, వెనక్కి వచ్చే ఆర్డర్ రద్దు చేయడం మరిచిపోయినా, 1,500 తీసేసిన ఖాతాలోంచి బ్యాంకు వెయ్యి పంపబోతుంది.

పన్ను మాట. వడ్డీ పన్ను కోత లేకుండా పడుతుంది. బేసిక్ రేటు (కింది శ్లాబు) పన్ను కట్టేవారికి ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ వరకు, హయ్యర్ రేటు (పై శ్లాబు) వారికి 500 వరకు పన్ను లేదు. అయితే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మీకు ఎన్ఆర్ఈ డిపాజిట్లు (విదేశాల్లో ఉండేవారు మన దేశపు బ్యాంకుల్లో వేసేవి) ఉంటే జాగ్రత్త. అక్కడ వాటి వడ్డీకి పన్ను లేకపోయినా, ఏడేళ్లుగా బ్రిటన్ నివాసులైన మీకు అది ఇక్కడి లెక్కలోకి వస్తుంది. ఆ 1,000 హద్దు దాటేది మామూలుగా ఫ్లెక్స్‌డైరెక్ట్ వల్ల కాదు, ఆ డిపాజిట్ల వల్లే.