యార్డు హమాలీ కూతురు ప్రొఫెసర్ కాగలదా?

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో హమాలీని. మా అమ్మాయి నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం. పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. బీఈడీ చేయించి ఏదో ఒక ఉద్యోగంలో పెట్టమని చుట్టాల గొడవ. మేం బీసీలం, ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు. మాలాంటి వాళ్లకు ఇది అయ్యే పనేనా?

జవాబు: అయ్యే పనే. అలాగని మీ భయం ఉత్తదీ కాదు. అమెరికాలో ఏడు వేల మందికి పైగా యూనివర్సిటీ అధ్యాపకుల్ని అడిగి చేసిన అధ్యయనం ఒకటి 2022లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చింది. అమ్మానాన్నల్లో ఒకరికైనా పీహెచ్‌డీ ఉండటం మామూలు జనంలో కంటే అధ్యాపకుల్లో 25 రెట్ల దాకా ఎక్కువట. అది అక్కడి లెక్క. దాని వెనకున్న సంగతి మాత్రం మనకూ తెలిసిందే. ప్రొఫెసర్ గారి పిల్లకి నెట్ (లెక్చరర్ అర్హతకీ, పరిశోధన ఫెలోషిప్‌కీ రాసే జాతీయ పరీక్ష) ఎప్పుడు రాయాలో, ఏ ల్యాబ్‌కి మెయిల్ పెట్టాలో అన్నం తింటూనే తెలిసిపోతుంది. మీ అమ్మాయికి బయటివాళ్లు ఎవరైనా చెప్పాలి. డిపార్ట్‌మెంట్‌లో జేఆర్ఎఫ్ (నెట్‌లో పైన నిలిచినవాళ్లకు పీహెచ్‌డీ కోసం నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కొట్టిన సీనియర్లను పట్టుకోమనండి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చేయమనండి. ఎంపికైతే పెద్ద ల్యాబ్‌లో పని నేర్చుకోవచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు.

ఇక డబ్బు. సైన్స్ వాళ్లు రాసే సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు 42,000 రూపాయలు. అసలు చిక్కంతా చేరిన కొత్తలోనే. కాగితాలు కదిలి మొదటి డబ్బు చేతికందేసరికి నెలలు పట్టొచ్చు. అది ఎండాకాలం యార్డు సెలవుల్లో పడిందంటే ఇంట్లోనూ రాబడి ఉండదు. అందుకని సీజన్ నడుస్తున్నప్పుడే ఆమె మెస్సు, హాస్టల్ ఖర్చుకి నాలుగు నెలల సొమ్ము పక్కన పెట్టండి. అప్పు చేసి మాత్రం పీహెచ్‌డీ వద్దు. ఫెలోషిప్ లేని సీటు ఎంత పేరున్న చోట వచ్చినా చేర్చకండి. ఈ విషయంలో నేను మొండిగానే చెప్తాను.

చుట్టాల మాట పూర్తిగా తోసేయను. ఎమ్మెస్సీ రెండో ఏడు, అయిపోయాక ఇంకో ఏడాది, నెట్‌కి సమయమివ్వండి. జేఆర్ఎఫ్ రాకున్నా ఒట్టి నెట్ వస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి అర్హత ఉంటుంది. దానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదని యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2023లోనే తేల్చింది. ఏదీ రాకపోతే అప్పుడు బీఈడీ. వయసు మించిపోతుందనే కంగారు పెళ్లి గురించైతే అది మీ ఇంటి సంగతి. జేఆర్ఎఫ్‌కి మాత్రం ఆడపిల్లలకు 35 ఏళ్ల వరకు అవకాశముంది.

ఒక కాగితం పని మీరే చూడండి. నెట్‌లో రిజర్వేషన్‌కి మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ చాలదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బీసీల్లో బాగా కలిగిన కుటుంబం కాదని చెప్పే) సర్టిఫికెట్ కావాలి. మీ కులం కేంద్ర జాబితాలో ఉందేమో చూసుకుని సచివాలయంలో ముందే దరఖాస్తు పెట్టండి. ఆఖరి తేదీ దగ్గరపడ్డాక తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగే పిల్లల్ని ఏటా చూస్తున్నాను.