బాబు పేరున షాపు తర్వాత, ముందు మీ పేరున టర్మ్ పాలసీ

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు కె.ఆర్.పురంలో స్థిరపడ్డాం. నాకు 47 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం, నెలకు 1,15,000 చేతికొస్తుంది. ఇంటి లోను ఇంకా 31 లక్షలుంది, ఈఎంఐ 36,000. ఇంటి ఖర్చు 55,000. అందులో 20,000 మా అబ్బాయి స్కూలు, థెరపీ, మందులు, వ్యాన్‌కే పోతుంది. వాడికి 17 ఏళ్లు, మేధో వైకల్యం 60 శాతమని సర్టిఫికెట్ ఉంది. 18 నిండాక స్కూల్లో కొనసాగించలేమని చెప్పేశారు. కాగితాలు ఎంతో ఒద్దికగా సర్దుతాడు. కానీ కొబ్బరిబోండానికి 500 నోటిచ్చి చిల్లర తీసుకోకుండానే వచ్చేస్తాడు. పాపకు 13. పర్సనల్ లోను 12 లక్షలు, నగల మీద 4 లక్షలు తీసుకుని వాడి పేరున జిరాక్స్ షాపు పెట్టమని మా బావమరిది సలహా. ఎఫ్‌డీ 3 లక్షలుంది. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ 25 లక్షలు తప్ప వేరే పాలసీలు లేవు. పీఎఫ్‌కూ ఎఫ్‌డీకీ నామినీగా వాడి పేరే రాశాను. నాకు షుగరుంది. షాపు పెట్టమంటారా?

జవాబు: వద్దండీ. అప్పు చేసి అసలే వద్దు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు చాలామంది పద్దెనిమిదేళ్లు దగ్గర పడేసరికి ఇదే పొరపాటు చేస్తున్నారు, అందుకే మీ ప్రశ్నకు ఇక్కడ జవాబిస్తున్నాను. స్కూలు అయిపోతోందన్న కంగారులో బిడ్డ పేరున షాపో సైటో కొనేసి, వాడికో దారి చూపించామని ఊపిరి పీల్చుకుంటారు. తీరా చూస్తే ఇల్లంతా ఎవరి జీతం మీద నడుస్తోందో ఆ మనిషికి సరైన బీమా ఉండదు.

ముందు లెక్క చూడండి. 12 లక్షలు 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 28,000. నగల లోనుకు 10 శాతం చొప్పున నెలకు 3,300 వడ్డీ. ఇంటి లోనుతో కలిపి 67,000 దాటింది. మీకు మిగిలేది 48,000 లోపే, ఇంటి ఖర్చేమో 55,000. షాపు అద్దె, అడ్వాన్సు, మెషీన్ రిపేర్లు ఇంకా లెక్కలోకే రాలేదు. మొదటి నెలే 7,000 పైగా లోటు! ఈ లెక్క కాగితం మీద వేసి చూసుంటే మీ బావమరిది ఆ సలహా ఇచ్చేవారు కాదు. పైగా పగలంతా మీరు ఆఫీసులో ఉంటే గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటారు? చిల్లర తీసుకోవడం ఇంకా రాని పిల్లవాణ్ణి అక్కడ కూర్చోబెట్టడం వాడికే అన్యాయం. కాగితాలు సర్దే ఒద్దిక ఉంది కదా, తెలిసినవాళ్ల షాపులో రోజుకు రెండు మూడు గంటలు సహాయకుడిగా పంపి చూడండి. లింగరాజపురంలోని అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసెబిలిటీ 1959 నుంచి ఈ నగరంలో ఉన్న సంస్థ, అక్కడ వృత్తి శిక్షణ గురించి కనుక్కోండి. దానికి లోను అక్కర్లేదు.

ఇక నేను గట్టిగా చెప్పాల్సిన మాట టర్మ్ ఇన్సూరెన్స్ గురించే, అంటే పాలసీ గడువులోపు మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా. రేపు మీకేదైనా జరిగితే బాబుకు నెలకు 20,000 ఎక్కడి నుంచి వస్తాయి? ఏడాదికి 2,40,000. పెట్టిన డబ్బు మీద రాబడి ధరల పెరుగుదలతో సమానంగా ఉంటుందనుకున్నా 40 ఏళ్లకు 96 లక్షలు కావాలి. ఇది వాడొక్కడికే. ఇంటి లోను 31 లక్షలు, పాప చదువు, మీ ఆవిడ ఖర్చులు కలిపితే కోటిన్నర దాటుతుంది. కంపెనీ ఇచ్చే 25 లక్షలు అందులో ఏ మూలకు? అదీ ఉద్యోగం ఉన్నన్నాళ్లే. మామూలుగా పిల్లలు ఇరవై రెండు, ఇరవై మూడుకి సంపాదనలో పడతారు కాబట్టి తండ్రి బీమా అక్కడితో ఆగినా ఇల్లు గడుస్తుంది. మీ ఇంట్లో ఆ వెసులుబాటు లేదు. అందుకని 65 ఏళ్ల దాకా కోటిన్నరకు తక్కువ కాకుండా తీసుకోండి. షుగరుంది కాబట్టి ప్రీమియం కాస్త ఎక్కువే అడుగుతారు, అయినా ఆ 28,000 ఈఎంఐ ముందు అది తేలికే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద రాయించండి, అప్పులవాళ్లు ఆ డబ్బు జోలికి రాలేరు. తర్వాత రాయిస్తామంటే కుదరదు.

నామినీగా బాబు పేరు రాయడం ప్రేమతో చేసిన పనే, నాకు తెలుసు. కానీ 18 నిండాక చట్టం దృష్టిలో వాడు మేజరు. తల్లిదండ్రులన్న హోదాతో మీరు వాడి తరఫున సంతకం పెట్టడం అక్కడితో ఆగిపోతుంది. క్లెయిము కాగితాల మీద వాడు సంతకం చేయలేకపోతే డబ్బు అందడం ఆలస్యమవుతుంది. నామినీని మీ భార్య పేరుకు మార్చండి. 18 నిండగానే, మేధో వైకల్యం లాంటివి ఉన్నవారి కోసం తెచ్చిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఉండే లోకల్ లెవెల్ కమిటీలో గార్డియన్‌షిప్‌కు, అంటే వాడికి చట్టబద్ధ సంరక్షకులుగా ఉండేందుకు, దరఖాస్తు పెట్టండి. కర్ణాటకలో డిప్యూటీ కమిషనర్ ఆఫీసులో అడిగితే చెబుతారు. వైకల్య సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉందేమో ఇవాళే చూసుకోండి. మీ ఇద్దరి తర్వాత వాడి డబ్బు ఒక ట్రస్టు చేతుల మీదుగా నెలనెలా వాడికి అందేలా లాయరుతో వీలునామా రాయించండి. చెల్లెలు చూసుకుంటుందిలే అని మాత్రం వదిలేయకండి. ఆ పాపకు పదమూడేళ్లు, తన జీవితం తనకుంటుంది. అన్న మీద ప్రేమతో చూసుకోనివ్వండి, డబ్బు భారం ఆమె నెత్తిన పెట్టకండి.

ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. ఖర్చులూ ఈఎంఐ కలిపి మీకు నెలకు 91,000 కావాలి, 3 లక్షలు మూడు నెలలకు కొద్దిగా పైన సరిపోతాయి. ఆరు నెలలకు సరిపడేలా దాన్ని ఐదున్నర లక్షలకు చేర్చండి. నేషనల్ ట్రస్ట్ నిరామయ పథకంలో బాబుకు లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా దొరుకుతుంది, వైద్య పరీక్షలు అడగరు. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉంటే, వైకల్యం ఉన్న బిడ్డను పోషిస్తున్నందుకు 75,000 మినహాయింపు ఉంది. నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టే ఎస్ఐపీ సంగతి టర్మ్ పాలసీ చేతికొచ్చాక చూద్దాం.

ఈ వారంలోనే రెండు మూడు కంపెనీల ప్రీమియం కోట్‌లు తీసుకోండి. ప్రపోజల్ ఫారంలో షుగరు ఎప్పటి నుంచి ఉందో, ఏ మందులు వాడుతున్నారో ఒక్కటీ దాచకుండా రాయండి. ఏజెంటు వద్దన్నా రాయండి. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేస్తే రేపు క్లెయిము తిరస్కరణ ఉత్తరం మీ ఆవిడ చేతికి రావచ్చు.